మన పొలంలో మోగే బండ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పొలం మధ్యలోని మోగే బండ సంగతి నీకు చెప్పాలి. రాయితో కొడితే ఇత్తడి బిందెలా ఖంగుమనే ఆ బండను చూడటానికి బాన్సువాడ నుంచి కూడా జనం వచ్చేవారు. నాకు మాత్రం అది ట్రాక్టరుకు అడ్డం. పగలగొడదామని నేను, వద్దని నువ్వు, ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో! ఎందుకు వద్దో నువ్వు ఎన్నడూ చెప్పలేదు.

మొన్న బండలు కొట్టేవాళ్లను పిలిపించాను. ఆ సంగతి తెలిసి, ఏడాదిగా పొలం మొహం చూడని వదిన కాలువ గట్టు వెంట గబగబా నడిచి వచ్చింది.

"మీ అన్న అన్నానికి బయలెల్లే ముందు దీన్ని మూడుసార్లు కొట్టేటోడు. ఇంటికాడ నాకు ఇనవడేది. అప్పుడు కూర వేడి జేసేదాన్ని," అంది.

ఆ ఒక్క మాట నాతో చెప్పడానికి సిగ్గుపడ్డావా అన్నా? చెప్పి ఉంటే నీతో అంతగా గొడవపడేవాణ్ని కాదు కదా!

వచ్చినవాళ్లను వెనక్కి పంపేశాను. వదిన కళ్లు తుడుచుకుని, "నేను ఇంటికి పోతా. జెరసేపాగి నువ్వు కొట్టు," అంది.

ఆమె ఇల్లు చేరేదాకా ఆగి, మూడుసార్లు కొట్టాను. వెంటనే ఫోన్ చేశాను.

"ఇనవడ్డదా వదినా?"

అవతల పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది.

"ఇనవడ్డది. ఇగ రా, అన్నం తిందువు."

నీ తమ్ముడు