జిగురు ఆరేదాకా నీళ్లు వద్దు

మావయ్య గారూ,

మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు, డ్యూటీకి వెళ్తున్నాను. పెరట్లో ప్లాస్టిక్ గడ్డి బాగుచేసే అతను పదింటికి వస్తాడు. కుళాయి దగ్గర లేచిపోయిన ముక్క కోసేసి కొత్తది అతికించమన్నాను. పాత గడ్డి ఎటు వాలి ఉందో కొత్తదీ అటే వాలేలా దగ్గరుండి వేయించండి. పోయినసారి ఎదురు తిప్పి వేసిపోయాడు, ఆ ముక్క వేరే రంగులా కనపడి ఇంటికొచ్చిన వాళ్లందరి కళ్లూ దాని మీదే. ఫ్లాస్కులో టీ ఉంది, అతనికీ ఇవ్వండి.

జిగురు రేపటిదాకా ఆరాలి. ఇవాళ మాత్రం నీళ్లు పోయకండి. అసలు అతుకు ఊడిందే మీరు రోజూ తడపబట్టి. ప్లాస్టిక్ గడ్డి నీళ్లు పోస్తే పెరుగుతుందా అని నిన్న మీ మీద గయ్యిమన్నాను. మీరు నవ్వి ఊరుకున్నారు.

ఇందాక జడ వేస్తుంటే మీ మనవరాలు చెప్పింది, "తాతయ్య నీళ్లు పోస్తేనే నా కాళ్లు కాలవమ్మా" అని. బడి నుంచి వచ్చి ఆ ఎండలో అది కాలే గడ్డి మీద చెప్పుల్లేకుండా ఆడుతుందని నాకేం తెలుసు? ఆ మాట నాతో అనొచ్చుగా మీరు.

ఇవాళ్టికి దాన్ని ఇంట్లోనే ఆడించండి. నా మాట వినదు, మీరు చెబితే వింటుంది. రేపటి నుంచి మీ ఇష్టం. మళ్లీ ఊడితే మళ్లీ అతికిద్దాం.

పైపు ఎక్కడికీ పోలేదు, నేనే దాచాను. మెట్ల కింద పాత పరుపు వెనకాల ఉంది. ఆ మోకాళ్లతో ఇక బకెట్లు మోయకండి.