కుంకుమ పూసుకుని వచ్చినవాళ్ళు

తిరుపతి, గురువారం రాత్రి

అబ్బ, బతికిపోయాను! తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది.

తంటా అంతా నిన్నటి సినిమాతోనే వచ్చింది. అందులో ఎర్రజెండా కుర్రాళ్ళు భూస్వామిని ఇంట్లోకి జొరబడి నరికితే, నేల టిక్కెట్టులో కూర్చున్న నా తోట కూలీలు ఈలలు వేశారు. పొద్దున వాకిట్లో ఒకటే బూతులు. కిటికీలోంచి చూస్తే వాళ్ళే, ఒళ్ళంతా ఎర్రగా, చేతుల్లో కర్రలతో! వడ్ల గదిలో దూరి గడియ పెట్టుకున్నాను.

మా ఆవిడ తలుపు కొడుతూ ఒకటే నవ్వు. "గంగమ్మ జాతర మర్సిపోయినారా ఏంది? కుంకుమ పూసుకోని బండ వేషంలో వచ్చినారు. ఈ పొద్దు బూతులు తిడితేనే గదా మొక్కు దీరేది! రండి, హారతి పట్టాల."

వేషంలో ఉన్నవాడు అమ్మవారితో సమానం. అందుకే నా కూలి మునెయ్యకు హారతిచ్చి దణ్ణం పెట్టాను.

"బయపడితిరా సామీ?" అన్నాడు.

లేదన్నాను.

ఎల్లుండి దొర వేషం. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడి తల అమ్మవారు ఆ వేషంలో వచ్చి నరికే రోజు. "ముందర వరసలో మీకు తావు పెట్టింటాం సామీ" అని పోతూ పోతూ చెప్పాడు మునెయ్య. ఏటా చెప్పే మాటే.

ఇది రాస్తూ కూడా మెడ తడుముకుంటున్నాను.