ఆపిల్ పూతకు ముందే పుట్టినవి

ఓడ మీద నుంచి,
ఏప్రిల్ 6, 1978

ప్రియమైన డార్లీన్,

ఓడెక్కి మూడు వారాలు దాటింది. హ్యూరాన్ సరస్సులో ఇంకా మంచు పలకలు తేలుతున్నాయి. ఇరవై ఎనిమిది మంది మగాళ్ళకు మూడు పూటలా వండి పెడుతున్నాను. బాగుందని ఒక్కడూ అనడు, గిన్నెలు మాత్రం నాకి పెడతారు. నిన్న చెర్రీ పళ్ళు కూరి కాల్చిన పై రొట్టె అడుగంటింది. కెప్టెన్ నమల్లేక నమిలి, "రస్, ఇది తినడానికా, లంగరు కట్టి దింపడానికా?" అన్నాడు.

అసలు సంగతి చెబుతాను. ఫ్రిజ్‌లో కోడిగుడ్లు పెట్టే అరలో ఎండిన నురగలాంటి గోధుమరంగు ముద్ద ఒకటి ఉంటుంది. పారెయ్యకు. అది గొల్లభామ గుడ్ల గూడు. చేతులు జోడించి నిలబడుతుందే ఆకుపచ్చ పురుగు, దానిది. విత్తనాల కేటలాగు చూసి తెప్పించాను. మన పెరట్లో ఆపిల్ పూసేదాకా దాన్ని చలిలోనే ఉంచాలి. పూశాక కొమ్మకు కట్టు. నూరో నూటయాభయ్యో పిల్లలు వస్తాయట. గులాబీలకు పట్టే పేనుబంకను అవే తినేస్తాయి. నేను చల్లిన ఆ తెల్ల పురుగుమందు పొడి డబ్బా ఇక మన గడప తొక్కదు.

కడుపులో ఏడో నెలలోనే పోయిన మన పాప మాట ఈ ఉత్తరంలో ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను చూడు.

నీవాడు,
రస్

&nbsp;

ఆల్పీనా,
ఏప్రిల్ 21

ప్రియమైన రస్,

నీ గొల్లభామలు నిన్న పుట్టాయి. బయట చీలమండ లోతు మంచు ఉంది.

తప్పు నాదే. నువ్వు వెళ్ళిన మర్నాడే ఆ ముద్దను చూశాను. అదేమిటో పక్కింటి స్టెల్లా పెద్దమ్మ చెప్పింది. ఆమ్లెట్ వేసుకుందామని ఫ్రిజ్ తెరిస్తే పిల్లల్ని కడుపులో పెట్టుకుని అది కోడిగుడ్ల మధ్య కూర్చుని ఉంది. చూడలేక తీసుకెళ్ళి పొయ్యి పక్క కిటికీ గట్టు మీద పెట్టాను. నీ ఉత్తరం వచ్చాకైనా తిరిగి లోపల పెట్టవలసింది. రోజూ రేపు పెడదాం అనుకున్నాను, పెట్టలేదు.

నిన్న పొద్దున కాఫీకి వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమేవ్, నీ కర్టెన్ నడుస్తోందే!"

నిజంగానే నడుస్తోంది. దోమంత పిల్లలు, తేనెరంగులో ఉన్నాయి, కర్టెన్ నిండా. గూటి నుంచి సన్నటి దారాలకు వేలాడుతూ ఇంకా దిగుతూనే ఉన్నాయి. అప్పుడే పుట్టినవి కూడా చేతులు జోడించే ఉన్నాయి రస్.

"ఇవేం తింటాయి పెద్దమ్మా?" అని అడిగాను.

"కళ్ళు కనపడ్డం లేదా? ఒకదాన్నొకటి తింటున్నాయిగా," అంది.

చూశాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెద్దమ్మ కాఫీ తనే కలిపి నా చేతిలో పెట్టింది. బయటికి వదిలితే చలికి చస్తాయి, లోపలుంటే ఒకదాని చేతిలో ఒకటి చస్తాయి. ఇన్ని ప్రాణాలు నా చేతికి ఎందుకు ఇచ్చావు? ఒక్కదాన్నే దక్కించుకోలేకపోయిన దాన్ని.

డార్లీన్

&nbsp;

ఓడ మీద నుంచి,
ఏప్రిల్ 29

ప్రియమైన డార్,

డెట్రాయిట్ దగ్గర ఉత్తరాల పడవ మా ఓడ పక్కకు రాగానే తాడు కట్టి బకెట్ దించాం. అందరివీ తీశాక అడుగున నీది దొరికింది. వంటింట్లో నిలబడే చదివాను. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని ఈపూట తిట్లు తిన్నాను.

ముందు పిల్లల సంగతి. నేలమాళిగలో మీ అమ్మ ఇచ్చిన ఖాళీ ఊరగాయ సీసాలు ఉన్నాయి, అన్నీ పైకి తే. సీసాకి ఒక్కటే పిల్ల. మూతికి పాత మేజోడు గుడ్డ కట్టు. రెండు అరటిపళ్ళు మగ్గబెడితే చిన్న ఈగలు ముసురుతాయి, వాటిని వెయ్యి. గుడ్డ మీద రోజూ నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించు. అన్నీ బతకవు. పెరట్లో వదిలినా అన్నీ బతకవని కేటలాగులోనే ఉంది.

దక్కించుకోలేకపోయిన దాన్ని అని రాశావు. ఆ మాట నీది కాదు డార్, నాది. నిరుడు జులైలో సెలవుకొచ్చి, గులాబీలు బాగుండాలని ఆ పొడి చల్లినవాణ్ణి నేను. సాయంత్రం నువ్వు ఆ మొక్కల్లోనే కూర్చుని కలుపు తీశావు. వద్దనలేదు నేను. మూడు వారాలకి పాప పోయింది. క్రిస్మస్‌కి ఇంటికొస్తే నువ్వు ఆ డబ్బా ఉండే అరకేసి చూసి, నాకేసి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయావు. అది చాలు నాకు అర్థం కావడానికి.

ఒక్కసారి నోరు విప్పి తిట్టు. నువ్వే చంపావు అను. లేదంటే కాదు అను. ఏదో ఒకటి రాయి. ఈ నెలల తరబడి మౌనం నేను మోయలేకపోతున్నాను.

రస్

&nbsp;

ఆల్పీనా,
మే 8

ప్రియమైన రస్,

సీసాలు నలభై రెండు దొరికాయి. ఇవాళ్టికి ముప్పయ్యొక్కటి బతికి ఉన్నాయి. వంటింట్లో అరటిపళ్ళ కంపు, ఈగలు. పెద్దమ్మ ముక్కు మూసుకునే వస్తోంది, అయినా రోజూ వస్తోంది. నిన్న ఒకటి కుబుసం విడిచింది. విడిచాక తెల్లగా, మెత్తగా, కాసేపు కదలకుండా ఉండిపోయింది. పోయిందనుకుని ఏడ్చేశాను. తర్వాత తల తిప్పి నాకేసి చూసింది.

"వాడికి రాశావా?" అని పెద్దమ్మ వచ్చినప్పుడల్లా అడుగుతోంది. పురుగుల గురించి రాస్తున్నానన్నాను. "నేనడిగేది పురుగుల గురించి కాదని నీకు తెలుసు," అంది.

నువ్వు అడిగినదానికి ఇవాళ జవాబు రాయలేను.

డార్లీన్

&nbsp;

ఓడ మీద నుంచి,
మే 16

ప్రియమైన డార్లీన్,

కాదు అని రాయడానికి రెండక్షరాలు చాలు. నువ్వు రాయలేదంటే నాకు జవాబు అందినట్టే.

నీ మీద నాకు కోపం లేదు. నిజమే చెప్పాలనుకున్నావు, నొప్పించడం ఇష్టంలేక ఆగావు. జనవరిలో సరస్సులు గడ్డకట్టి ఓడలు ఆగిపోయాక డలూత్ రేవులో కాపలాకి ఒకడు కావాలట. నా పేరు రాయమని కెప్టెన్‌తో చెప్పాను. "పెళ్ళాం ఉన్నవాడివి, చలికాలమంతా ఖాళీ ఓడలో ఏం చేస్తావురా?" అన్నాడు. నవ్వేసి గిన్నెలు తోముకోవడానికి పోయాను. చలికాలం పోయాక కూడా డలూత్‌లోనే ఉండిపోతాను. నా మొహం చూసినప్పుడల్లా నీకు ఆ డబ్బా కనిపిస్తే ఆ ఇంట్లో నువ్వు ఎలా కోలుకుంటావు?

ఈ నెలాఖరున ఓడలోకి సున్నపురాయి ఎత్తుకోవడానికి మన రేవుకే వస్తాం. నా చలికోట్లు, బూట్లు మూటగట్టి స్టెల్లా పెద్దమ్మ చేత పంపు. నువ్వు రానక్కర్లేదు.

రస్

&nbsp;

ఆల్పీనా,
మే 27

ప్రియమైన రస్,

నీ బట్టలు మూటగట్టలేదు. ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. రేవుకి నేనే తెచ్చి నీ చేతికిస్తాను. చదివినంతసేపూ ఎదురుగా నిలబడతాను. నోటితో చెప్పబోతే సగంలో పారిపోతానని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

నిన్న ఆపిల్ పూసింది. ఇవాళ పొద్దున్నే ఎండ కాస్త వెచ్చబడ్డాక పెద్దమ్మా నేనూ సీసాలన్నీ పెరట్లోకి మోశాం. పంతొమ్మిది మిగిలాయి. ఒకదానికొకటి దూరంగా, పొదకి ఒకటి చొప్పున వదిలాం. కొన్ని సీసా వంచగానే దిగిపోయాయి. గులాబీ పొద దగ్గర ఒకటి నా వేలెక్కి కూర్చుంది. అదే పొద. తొమ్మిది నెలలుగా నేను అటు వెళ్ళలేదు. లేత చిగుళ్ళ నిండా పేనుబంక పట్టి ఉంది. వేలు చిగురుకి ఆనించాను. అది దిగలేదు. "వదిలెయ్యవే," అంది పెద్దమ్మ. "అదెక్కడ పట్టుకుంది పెద్దమ్మా, అదే దిగడం లేదు," అన్నాను. "నేను దాంతో అనలేదు, నీతో అన్నాను. వాడి మెడ మీద ఎక్కించిన బరువు దించు. పాపం తగులుతుంది," అంది.

నువ్వే చంపావని అనమన్నావు. నువ్వు చంపలేదు రస్. పొడి వల్ల కాదు. సెప్టెంబర్‌లో డాక్టరు పరీక్షకు రమ్మంటే పెద్దమ్మని తోడు తీసుకెళ్ళాను. బొడ్డుతాడు ముడిపడిందట. పాప కడుపులో తిరుగుతున్నప్పుడు ఆ ముడి దానంతట అదే పడిందట. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగింది కాదు అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆ పొడి సంగతి నేను అడిగాను కూడా. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు.

ఆ సాయంత్రమే నీకు రాయవలసింది. కాగితం తీశాను. ఎవరి తప్పూ కాదు అని రాస్తే ఇక నేను ఎవరి మీద కోప్పడాలి? అప్పటికే నువ్వు నీ తప్పేనని ఉత్తరాలు రాస్తున్నావు. రాయనిచ్చాను. క్రిస్మస్‌కి వచ్చి నువ్వు అన్నం సయించక కూర్చుంటే చూస్తూ ఊరుకున్నాను. నేను బాధపడుతున్నాను, నువ్వూ పడు అనుకున్నాను. ఎనిమిది నెలలు నీ చేత లేని నేరం మోయించాను. ఏప్రిల్‌లో నువ్వు కాళ్ళావేళ్ళా పడి అడిగాక కూడా చెప్పలేదు. అప్పటికి సిగ్గు అడ్డమొచ్చింది.

నన్ను క్షమించమని అడగను. అది నీ ఇష్టం. ఇది చదివి ఓడెక్కి వెళ్ళిపోతే వెనక్కి పిలవను.

కానీ నా కోపం అబద్ధం కాదు. అది నీ మీదే, ఇప్పటికీ ఉంది. ఆ రోజు నొప్పులొచ్చినప్పుడు నా చేయి పట్టుకున్నది స్టెల్లా పెద్దమ్మ. పాపని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది ఎవరో నర్సు. నువ్వు సుపీరియర్ సరస్సు మధ్యలో ఎవరికో చెర్రీ పై కాలుస్తున్నావు. కబురందేసరికి రెండు రోజులైంది. అది నీ తప్పు కాదని నాకు తెలుసు, అయినా కోపం పోలేదు. పొడి మాటున ఇన్నాళ్ళూ దాచుకున్నది ఈ కోపమే.

దీన్ని ఉత్తరాల్లో తేల్చుకోలేం. నువ్వు ఇంట్లో ఉండాలి, నేను అరవాలి, నువ్వూ అరవాలి. చలికాలమంతా పట్టినా సరే. డలూత్‌లో ఖాళీ ఓడని ఇంకెవరైనా కాస్తారు.

డార్లీన్