రెండో గిన్నెలో ఏముంది?

రషీద్,
1983 అక్టోబరు 4

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. వచ్చే నెల మొదటి శుక్రవారం నువ్వు ఇక్కడికి వచ్చి, నా చేతి మొలొకియ్యా ఆకు పులుసు తిని, నేను ఈ రషీద్ ఊళ్లోనే ఉండాలో, ఉద్యోగం మానేసి సమాలూత్‌కు వచ్చేయాలో తేలుస్తానని హమ్దాన్ మామయ్యకు మాటిచ్చావట. నీ ఉత్తరం నిన్న అందింది. అమ్మా, నాకు మొలొకియ్యా వండడం రాదు. అదంటే నాకు ఇష్టం కూడా లేదు. ఈ రెండు సంగతులూ నా గిన్నె నీకు చెప్పేలోపు నేనే చెప్పడం మంచిదనిపించింది.

వంట రాకపోవడంలో నీ చెయ్యి కూడా ఉంది. మన ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. వంటింట్లోకి వస్తే, "పుస్తకానికి నూనె మరకలవుతాయి, పో అవతలికి" అని తరిమేదానివి. పుస్తకాలకు మరకలు కాలేదు. నాకు వంటా రాలేదు.

అలాగని పస్తులుండడం లేదు. ఏది ఉంటే అది వండుకుంటున్నాను. నిన్నటి అన్నంలో పప్పు కలిపి వేయిస్తాను. వంకాయ చక్రాలు వేయించి, వెల్లుల్లి నూరి, వెనిగర్ చల్లి రొట్టెలో పెట్టుకుంటాను. జున్ను మిగిలితే దాన్ని చిదిమి పుదీనాతో కలుపుతాను. వీటికి పేర్లు లేవు. రేపు మళ్లీ ఇలాగే చేయమంటే చేయలేను కూడా. కానీ రుచిగా ఉంటున్నాయి.

నిన్న జరిగింది విను. నా వంటింటి కిటికీ, కింద ఉండే గలాల్ వాళ్లమ్మ వంటింటి కిటికీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. పప్పు డబ్బా వెనక నుంచి బొద్దింక నా చేతి మీదికి దూకింది. నేను "హాఁ" అని ఊపిరి ఎగబీల్చాను. అంతే, మెట్ల మీద చెప్పుల చప్పుడు. గలాల్ వాళ్లమ్మ గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో ఖాళీ పళ్లెం, చంకలో రెండు రొట్టెలు.

"ఏదీ మొలొకియ్యా?"

"మొలొకియ్యా కాదు పిన్నీ, బొద్దింక."

"బొద్దింకతోనా! మేం కుందేలుతో వండుతాం తల్లీ. మీ నది ఎగువ ఊళ్లవాళ్లు దేనితోనైనా వండుతారని విన్నాను గానీ..."

పాపం, ఆవిడ తప్పేముంది? మొలొకియ్యా పోపు గిన్నెలో వంచేటప్పుడు తప్ప ఈ దేశంలో ఏ ఆడది అలా ఊపిరి ఎగబీలుస్తుంది? చివరికి నా పప్పన్నం పెట్టుకుని తిని వెళ్లింది. "పేరేమిటి దీనికి?" అని అడిగితే ఇంకో గరిటె వడ్డించాను.

అందుకని ఆకు ఎంత, నీళ్లు ఎన్ని, వెల్లుల్లి ఎన్ని రెబ్బలు, అన్నీ కొలతలతో రాయించు. నేర్చుకుంటాను. వచ్చే ఏడాది ఉంటానో లేదో నవంబరు ఆఖరుకల్లా సంతకం పెట్టి చెప్పమని మా హెడ్మిస్ట్రెస్ అడిగారు. నాకు ఉండాలని ఉంది.

నీ రెండు చేతులకూ ముద్దులు పెడుతూ,
నీ ఇన్సాఫ్


సమాలూత్,
అక్టోబరు 12

నా కంటి వెలుగు ఇన్సాఫ్‌కు,

మీ అమ్మ ఫిక్రియ్య చెబుతుంటే మందుల షాపు డాక్టర్ వదీ రాస్తున్న ఉత్తరం ఇది.

ఇష్టం లేదా? ఎదురుగా కూర్చుని గిన్నె నాకేసేదానివి కదే! ఇన్నేళ్లూ ఇష్టం లేకుండానే తిన్నావా? ఆ మాట చదవగానే డాక్టరు గారి కళ్లద్దాలు జారిపోయాయి. (నిజమే. మొలొకియ్యా ఇష్టం లేని మనిషి గురించి నేను వినడం ఇదే మొదలు. – వదీ)

సరే, రాసుకో. ఆకు నీ ఒళ్లో పట్టినంత. కడిగి, తడి ఆరబెట్టు. రెండు పిడుల వంపుకత్తి పంపుతున్నాను, దాంతో తరుగు. చెయ్యి నొప్పి పుట్టేదాకా తరిగి, ఆ తర్వాత ఇంకాస్త తరుగు. కోడి ఉడికిన నీళ్లు తెర్లేటప్పుడు ఆకు వెయ్యి. జిగురు సాగాలి, అంతే గానీ కుతకుత ఉడకకూడదు. మూత పెట్టావో చచ్చావన్నమాటే, ఆకంతా అడుక్కి దిగిపోతుంది, పైన పచ్చనీళ్లు మిగులుతాయి. నేతిలో వెల్లుల్లి, ధనియాలు వేయించు. ఎంతసేపంటే, పక్కింటివాళ్లు ముక్కు ఎగరేసేదాకా. పోపు వంచేటప్పుడు ఊపిరి ఎగబీల్చడం మరిచిపోకు. మరిచిపోతే అది మొలొకియ్యా కాదు, పశువుల కుడితి. (కొలతలు అడిగాను. "చేతికి తెలుస్తుంది, నీకెందుకు" అని నన్ను తిట్టింది. – వదీ)

మీ మామయ్య సంగతి చెబుతాను. వాడు చెడ్డవాడు కాదు, నీకు తెలుసు. కానీ అరుగు మీద కూర్చుని రోజూ ఒకటే పాట. "మన ఊళ్లో బడి లేదా, పిల్లలు లేరా? తనకు తాను ఒక ముద్ద వండుకోలేని పిల్ల, సముద్రం ఒడ్డున ఒక్కతే ఎందుకు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నా కూతురు వండుకోలేకపోవడమేంటి? నువ్వూ నీ పెళ్లామూ కలిసినా దాని మొలొకియ్యాకు సాటి రారు" అన్నాను. నోరు జారాను తల్లీ. "అయితే వెళ్లి తిని రా. ఊపిరి ఎగబీల్చిందో లేదో చెప్పు, చాలు. బాగుంటే ఉండనీ, లేకపోతే వెంటబెట్టుకుని రా" అన్నాడు. నేను వాడికి అబద్ధం చెప్పనని నీకు తెలుసు. చిన్నప్పటి నుంచీ చెప్పలేదు.

కాబట్టి నేర్చుకో. బొద్దింకల మందు కూడా పంపుతున్నాను, డాక్టరు గారు ఊరికే ఇచ్చారు.

నీ కోసం దారి చూసే
అమ్మ


రషీద్,
అక్టోబరు 25

ప్రియమైన అమ్మకు,

కత్తి అందింది. మందు పనిచేసింది. మొలొకియ్యా మాత్రం పనిచేయడం లేదు.

మొదటిసారి పోపు కంటే ముందే ఊపిరి ఎగబీల్చాను. వెల్లుల్లి పొగ గొంతులోకి పోయి దగ్గు వచ్చింది, పోపు సగం పొయ్యి మీద పడింది. కింది కిటికీ లోంచి గలాల్ వాళ్లమ్మ అరిచింది.

"ఆ ఊపిరేంటే, పిల్లికి ఎక్కిళ్లొచ్చినట్టు! భయపడ్డట్టు లాగాలి!"

"దేన్ని చూసి భయపడాలి పిన్నీ?"

"మీ అత్తగారు తలుపు తోసుకుని వచ్చిందనుకో."

"నాకు అత్తగారు లేదు."

"మా అత్తగారిని తలుచుకో. చచ్చి స్వర్గానికెళ్లింది, అయినా నాకు ఇప్పటికీ పనిచేస్తోంది."

రెండోసారి ఊపిరి బాగానే వచ్చింది, ఆకు దిగిపోయింది. మూడోసారి ఆకు నిలిచింది. గలాల్ వాళ్లమ్మ తిని, "ఫరవాలేదు" అంది. నేను తిని, అది ఎందుకు ఇష్టం లేదో మళ్లీ తెలుసుకున్నాను. ఆ జిగురు, అమ్మా. మన్నించు.

ఇక్కడ ఎందుకు ఉండాలనుకుంటున్నానో నిన్ను చూస్తే సరిగ్గా చెప్పలేను, అందుకని రాస్తున్నాను. నా తరగతిలో అందరూ జాలరుల ఆడపిల్లలు. భిన్నాలు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఒకరోజు రొట్టె తీసుకెళ్లాను. సగం, పావు, అరపావు అని కోసి, జవాబు చెప్పినవాళ్లకు ఆ ముక్క పెట్టాను. ఇప్పుడు పావు కంటే అరపావు చిన్నదని ఎవరికీ చెప్పనక్కర్లేదు, కొట్టుకుంటున్నారు. రతీబా అనే పిల్ల, "టీచర్, రేపు ఐదోవంతు చెప్పండి, నేను జున్ను తెస్తాను" అంది. ఈ పిల్లలను మధ్యలో వదిలి రావాలని లేదు. ఇంకొకటి కూడా ఉంది. సాయంత్రం తలుపు తీసుకుని, ఇవాళ నాకేం తినాలనుందని నన్ను నేను అడుగుతాను. అలా అడగడం నాకు కొత్త.

నువ్వు రా. నా శాయశక్తులా వండుతాను.

నీ ఇన్సాఫ్


సమాలూత్,
నవంబరు 9

నా కంటి వెలుగు ఇన్సాఫ్‌కు,

క్షేమంగా ఇల్లు చేరాను. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది.

ఇంటికి రాగానే మీ మామయ్య అరుగు మీదే ఆపేశాడు. ఏం జరిగిందో డాక్టరు గారికి కూడా తెలియాలి గనుక మొదటి నుంచీ చెబుతాను. ఆ శుక్రవారం ఆకు ఎంత బాగా తరిగావే! జిగురు కూడా సాగింది. కానీ పోపు వంచేటప్పుడు నువ్వు గిన్నె చూడలేదు, నా ముఖం చూశావు. నోరు తెరవలేదు, ఊపిరి లాగలేదు. పైగా కంగారులో మూత పెట్టేశావు! తీసి చూస్తే ఆకంతా అడుక్కి. బావిలో చెంబు జారవిడుచుకున్నవాళ్లలా ఇద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. (ఇక్కడ మీ అమ్మ నవ్వు ఆగక, నీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. – వదీ)

అప్పుడు నువ్వు ఆ రెండో గిన్నె తీశావు. "ఇది నా కోసం చేసుకున్నాను, నీకు పెట్టేది కాదు" అంటూ. నల్లగా వేగిన ఉల్లిపాయలు, ఎర్రబడ్డ అన్నం, చేప ముక్కలు, దాని మీద నారింజ తొక్కల వాసన. మొదటి ముద్ద పెట్టుకోగానే "హాఁ" అని నాకే ఊపిరి వచ్చేసింది. వెంటనే కింద నుంచి ఆవిడ పళ్లెంతో వచ్చేసింది కదా!

మీ మామయ్య అడిగాడు, "ఊపిరి వినిపించిందా?"

"వినిపించింది, దేవుడి తోడు."

"గట్టిగానేనా?"

"కింది ఇంటావిడ పళ్లెం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది."

"కడుపు నిండిందా?"

"మూడు పళ్లాలు తిన్నాను."

"సరే, ఉండనీ" అన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు.

ఇంకో మాట. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకూ మొలొకియ్యా ఇష్టం లేదే. అది మీ నాన్నకు ప్రాణం. ఆయన పోయాక నీకు ఇష్టమని వండుతూ వచ్చాను. నువ్వేమో నా కోసం గిన్నె నాకావు. నాకేది ఇష్టమని ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. నీ వంటింట్లో ఆ నారింజ తొక్క నమిలినప్పుడు తెలిసింది, నాకు పులుపు, కాస్త చేదు ఇష్టమని. ఈ వయసులో!

(ఇన్సాఫ్, మీ మామయ్య దగ్గు మందు కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మీ అమ్మ వీపు అటు ఉంది. నేను సైగ చేశాను, చూడలేదు. ఇక వాళ్లు ఎలా మాట్లాడుకుంటే అలా రాస్తున్నాను. – వదీ)

"అయితే ఆ ఊపిరి నీదన్నమాట."

"అమ్మో! ఎప్పుడొచ్చావురా?"

"నువ్వు బావిలో చెంబు మాట చెప్పినప్పుడే వచ్చాను. ఊపిరి నీదా కాదా?"

"నాదే. నువ్వు ఎవరిదని అడగలేదు."

"అక్కా, నువ్వు లాయరువి కావాల్సింది."

"నా కూతురు టీచరైంది, చాలదా?"

(మీ మామయ్య గొంతు తగ్గించి అడిగాడు. – వదీ)

"చేపా నారింజా కలిపితే బాగుంటుందా?"

"మూడు పళ్లాలురా."

"సరే. డిసెంబరు మొదటి శుక్రవారం నేనే వెళ్తాను. ఆ రెండో గిన్నెలోది నా ముందు పెట్టమను. తిన్నాక మాట్లాడతాను."

ఇదీ సంగతి తల్లీ. నా మటుకు నువ్వక్కడే ఉండు. కానీ వాడికి అచ్చం అదే వండి పెట్టు. ఏం మారినా పట్టేస్తాడు, నేను రుచి అంతా వర్ణించి చెప్పాను.

నీ అమ్మ


రషీద్,
నవంబరు 16

ప్రియమైన అమ్మకు,

ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను. ఆ రెండో గిన్నెలో ఏం వేశానో నాకు గుర్తు లేదు.

ఉల్లిపాయలు నల్లబడడం పొరపాటు, మొలొకియ్యా మీదే ధ్యాసంతా పెట్టి అటు చూడలేదు. చేప గలాల్ వాళ్లమ్మ ముందు రోజు పంపింది. నిమ్మకాయ లేక నారింజ తొక్క వేశాను. జీలకర్ర వేశానా, మిరియాలా? ఏదో చిటికెడు వేశాను. ఎంతంటే, చేతికి తెలిసినంత. అమ్మా, ఈ మాట రాసి ఆగిపోయాను. కొలతలు రాయించమని నిన్ను వేధించినదాన్ని నేనే కదా!

అదే చేద్దామని మూడుసార్లు వండాను. గలాల్ వాళ్లమ్మ మూడుసార్లూ వచ్చింది.

"ఇది ఆ రోజుది కాదు."

"కాదు పిన్నీ."

"నిన్నటిదీ కాదు."

"కాదు."

"ఇంకాస్త పెట్టు."

అందుకని మామయ్యకు ఇప్పుడే చెప్పేయి. ఆ గిన్నెలోది ఇక దొరకదు. ఆ రోజు బజారులో ఏముంటే, నా చేతికి ఏది తోస్తే అది పెడతాను. బాగుంటుందని మాత్రం మాటిస్తాను. ఆయన రావడం మానకూడదు, నువ్వూ రావాలి.

ఇంకొక సంగతి ఆయన ఇక్కడికి రాకముందే తెలియాలి. ఇవాళ పొద్దున హెడ్మిస్ట్రెస్ గదిలో సంతకం పెట్టాను. వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటున్నాను. నీ ఊపిరి మీద కాకుండా నా సంతకం మీద ఉండాలనిపించింది. ఆయనకు కోపం వస్తే నేరుగా నన్నే తిట్టమను, వింటాను. కానీ ఆయన వచ్చేది తీర్పు చెప్పడానికి కాదు, భోజనానికి. సంతకం పెట్టి తరగతికి వెళ్తే రతీబా జున్ను పట్టుకుని కూర్చుంది. ఐదోవంతు అయిపోయింది. రేపు ఆరోవంతు.

డాక్టర్ వదీ గారూ, మీరొక సాయం చేయాలి. మామయ్య మందుకు వచ్చినప్పుడు, ఆయనకు నిజంగా ఏం తినాలని ఉంటుందో అమ్మ చేత అడిగించండి. అరవై ఏళ్ల మనిషిని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. "ఏదైనా ఫరవాలేదు" అంటే ఒప్పుకోకండి, మందు ఇవ్వకండి. ఆయన చెప్పింది చెప్పినట్టే రాయండి. మీకు ఏది ఇష్టమో కూడా రాయండి, వీలైతే మీరూ రండి. మొలొకియ్యా అని మాత్రం రాయకండి.

ఈ ఉత్తరానికి జవాబు నవంబరు 30 లోపు నాకు అందాలి. ఆ మర్నాడే గలాల్ వాళ్లమ్మ పడవల దగ్గరికి వెళ్తుంది, ఏ చేప తేవాలో చెప్పాలి.

నీ రెండు చేతులకూ ముద్దులు పెడుతూ, నారింజలు కొని ఉంచిన
నీ ఇన్సాఫ్