దానయ్య సాక్ష్యం

సెంబవాంగ్, 5 మార్చి 2000

ప్రియమైన అమ్మమ్మకు,

కోప్పడకు. కంప్యూటర్ ఉద్యోగం మానేశాను, ఏడాదిపాటే. అందరికీ జీతాలు పెరుగుతుంటే దీనికేం పిచ్చి అని ఇక్కడి ఆంటీలంతా తిడుతున్నారు. మా చర్చి మిషన్ తరఫున, మన దేశం నుంచి వచ్చి ఓడల యార్డులో పనిచేసే మనవాళ్లు ఉండే డార్మిటరీలో సేవ చేస్తున్నాను. ప్రార్థన చెబుతాను, ఉత్తరాలు రాసిపెడతాను. గోంగూర తిని రెండేళ్లయిందని ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుంటే వండి పట్టుకెళ్లాను. ఇంత సంతోషం ఆఫీసులో ఎన్నడూ లేదు.

నీ ముద్దుల నవత

*

2 ఏప్రిల్ 2000

ప్రియమైన బంగారుతల్లికి,

కోపం దేనికే, నా కడుపు నిండింది. అక్కడ మన వీధి దానయ్య ఉన్నాడు, కాస్త కనిపెట్టి ఉండు. యార్డులో వాణ్ని చెన్నయ్య అంటారు. అది వాళ్లన్న పేరు. అన్న పాము కరిచి పోతే, ఆ పాస్‌పోర్టు మీద వీడు వచ్చాడు. పెళ్లాం, వదిన, అయిదుగురు పిల్లలు వాడి మీదే బతుకుతున్నారు. ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నువ్వూ ఎత్తకు.

నీ అమ్మమ్మ

*

సెంబవాంగ్, 19 నవంబర్ 2000

ప్రియమైన అమ్మమ్మకు,

రెండు ఉత్తరాలకు జవాబు లేదు. దానయ్య సంగతి ఊరికి చేరిందా, అందుకేనా కోపం? మా ఆదివారం కూటంలో అందరూ లేచి సాక్ష్యం చెబుతారు, దాచుకున్న పాపం నలుగురిలో ఒప్పుకుంటారు. అతనొక్కడే లేవలేదు. మూడు వారాలు చూసి నేనే చెప్పేశాను. "వద్దు నవతమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. యార్డు సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు. పోలీసులు తీసుకెళ్లారు, జైలు అయ్యాక ఇంటికి పంపేస్తారట. అతని ఆత్మ దక్కింది, అది చాలు.

డార్మిటరీ ఎంత మారిందో నువ్వు చూడాలి! ఒక్కరూ తాగరు, పేకాడరు. ఒకరి తప్పులు ఒకరు వచ్చి నాకు చెబుతున్నారు. అబద్ధంతో తిన్న కూడుకంటే పస్తు మేలు.

దేవుని సేవలో,
నవత

*

11 ఫిబ్రవరి 2001

నవతకు,

దానయ్య వచ్చాడు. మన అరుగు మీద కూచుని, "నవతమ్మ బాగానే ఉంది, కాస్త చిక్కింది పాపం" అన్నాడు. వాడి పెద్దపిల్ల బడి మానేసి మిరపకాయల కోతకు పోతోంది. వీధిలో నేను కనిపిస్తే ఆడవాళ్లు మాట ఆపేస్తున్నారు.

నిజం దాచకూడదన్నావు. సరే, విను. నా కూతురూ, దాని పసిగుడ్డు నవతా ఒకే వారంలో పోయారు. ఆ నెలలోనే, నేను ఆయాగా చేసే ఆసుపత్రి మెట్ల మీద నిన్నెవరో వదిలేసి పోయారు. చచ్చిపోయిన బిడ్డ పుట్టిన కాగితం నా పెట్టెలో ఉంది. అదే నీకు పెట్టాను. నీ బడికీ, ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకీ ఆ కాగితమే. ఊరందరికీ తెలుసు. ఇరవై నాలుగేళ్లు ఎవరూ నోరెత్తలేదు. కాళ్లు పట్టుకున్న రోజున కూడా దానయ్య ఎత్తలేదు.

ఈ ఆదివారం లేచి నీ సాక్ష్యం నువ్వు చెప్పుకో. ఆ సూపర్‌వైజర్ వచ్చిందాకా ఆగు.

రత్తమ్మ