నాయన మామిడి చెట్టు

కృష్ణగిరి, 14 జూన్ 1979, గురువారం

మా తమ్ముడు మునిరత్నం అన్నంత పనీ చేశాడు. తన పళ్ల మండీకి వచ్చే లారీలు తిరగడానికి చోటు చాలడం లేదని, నాయన టెంక పాతి పెంచిన మామిడి చెట్టును కొట్టించేశాడు. ఆ చెట్టు కొమ్మలకు మొక్కల కుండీలు వేలాడగట్టి, అంటు కట్టుకునే కదా వాడి తోటంతా లేచింది. ఇంత కృతఘ్నుణ్ణి నేనెక్కడా చూడలేదు.

పొద్దున కూలీలు రంపం పెట్టబోతుండగా పోయి అడ్డం నిలబడ్డాను. వాడు నవ్వాడు.

"అన్నా, టెంక మొలిస్తే బిడ్డ, అంటు కడితే అదే చెట్టు అని ఊరంతా చెప్పింది నువ్వే కదా. నా తోటలో ఉండేదంతా నాయన చెట్టే. ఇంక పోయింది యాడ?"

నేను చదివిన పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఆ మాట చెప్పినందుకు ఇన్నేళ్లూ నన్ను పిచ్చివాడన్న మనిషి, ఇవాళ దానితోనే నా నోరు మూయించాడు.

సాయంత్రం సిగ్గు లేకుండా తన తోటవి బుట్టెడు పళ్లు పంపాడు. తేడా పట్టి వాడి ముఖాన కొట్టాలని ఒకటి కోసి తిన్నాను. అదే వాసన, టెంక దగ్గర అదే పులుపు. రెండోదీ తిన్నాను. బుట్టలో ఇంకా ఉన్నాయి. ఏదో ఒకదానిలో తేడా ఉండి తీరాలి.