రీల్లో ఉద్యోగం వచ్చిన అమ్మాయి

మంగళవారం, రాత్రి

ఈ రోజు ఉప్పాడ నుంచి చీరలు నేసే ఒకాయన కూతుర్ని తీసుకుని మా కాలేజీకి వచ్చారు. ఆ అమ్మాయి నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"అక్కా, ఉద్యోగం వచ్చిందని రీల్లో ఏడ్చేసింది మీరే కదా?"

నేనే. ఆ రీల్ తీసి ఇన్‌స్టాలో పెట్టింది కూడా నేనే. అందులో ఆఫర్ లెటర్ అని పట్టుకున్నది ఖాళీ కాగితం. చదువయ్యాక నాకు ఎక్కడా ఉద్యోగం రాకపోతే, తమ ఇన్‌స్టా పేజీ చూసుకోమని కాలేజీ వాళ్లే ఉద్యోగంలో పెట్టుకున్నారు. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో నా ఫొటో కూడా వేశారు.

"మీరే చెప్పండమ్మా," అన్నారాయన. "కాకినాడ గవర్నమెంటు కాలేజీలో సీటొచ్చింది. ఇదేమో ఫోన్లో మిమ్మల్ని చూసి ఇక్కడే చేరతానని కూర్చుందండి. ఇక్కడ చదివితే ఉద్యోగం వస్తుందంటారా?"

పక్కనే ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు.

"నాకు వచ్చిందండి," అన్నాను. అబద్ధం కాదు కదా అని అప్పుడు అనిపించింది.

ఆయన అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేశారు. "వీళ్లతో ఓ రీల్ తియ్యమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఫారం అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. అందుకని ఆ అమ్మాయి నాన్న చేత ఖాళీ కాగితం మీద మళ్లీ సంతకం పెట్టించి తీశాను. పెన్ను సరిగ్గా పట్టుకున్నానా అని అడిగారు పాపం.

సాయంత్రం ఆ రీల్ కింద ఎవరో అమ్మాయి అడిగింది, నిజంగా ఉద్యోగాలు వస్తాయా అని. నేను రాసేలోపే ఉప్పాడ అమ్మాయే జవాబిచ్చేసింది.

"వస్తాయి. నేను అక్కని చూశాను."